సీటులో కుట్టేసిన ఉత్తరం

పోయిన వారం మా ముగ్గుర్నీ భోజనాల దగ్గర వదిలేశాను. కంచాల్లో అన్నం చల్లారిపోతోంది. టికెట్టు తన వంతు ప్రార్థన ముగించి, నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో వెనకటి సంగతి చెప్పేస్తాను. నేను బస్సు డిపోలో సీట్లు కుట్టేదాన్ని. మా ఆయన అదే డిపోలో డ్రైవరు. మాకు పిల్లల్లేరు. ఏడేళ్ళ టికెట్టు మా డిపోలో కండక్టరుగా చేసిన అమ్మాయి కూతురు. దానికి బళ్ళో వేరే పేరుంది గానీ, మాటలొచ్చిన కొత్తలో డిపో అంతా తిరుగుతూ కనబడ్డవాళ్ళందర్నీ టికెట్టు అడిగేది, ఆ పేరే ఖాయమైపోయింది. తండ్రి అది పుట్టకముందే పోయాడు. అప్పటికి నాలుగేళ్ళ కిందట వాళ్ళమ్మ డ్యూటీలో ఉండగానే రక్తం కక్కుకుంది. క్షయ, అదీ మందులకి ఓ పట్టాన లొంగని రకం. కొండ మీద ఆసుపత్రికి వెళ్ళేముందు మూడేళ్ళ పిల్లని మా గేటు దగ్గర నిలబెట్టి, తను నాలుగడుగులు వెనక్కి జరిగి, "అక్కా, నా దగ్గరికి రాకు. దాన్ని మాత్రం లోపలికి తీసుకో" అంది. తీసుకున్నాను.

ఆ భోజనాలకి పదకొండు రోజుల ముందు ఆ అమ్మాయి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మొదటి కాగితంలో జబ్బు పూర్తిగా నయమైందని, డాక్టర్లు ఇక వెళ్ళొచ్చన్నారని ఉంది. రెండో కాగితం తిప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఎవరికీ చెప్పకుండా, ఆ రోజు కుడుతున్న బస్సు సీటులో పెట్టి కుట్టేశాను.

అవును, కుట్టేశాను. చించడానికి చెయ్యి రాలేదు. ఇంట్లో దాచే దారి లేదు, ఎందుకంటే మా ఇంట్లో టికెట్టు చెయ్యి పెట్టని డబ్బా ఒక్కటీ లేదు. నాకు తెలిసిన విద్య ఒక్కటే. స్పాంజి మీద రెక్సిన్ కప్పి, దబ్బనంతో లాగి బిగించేస్తే లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది? పైన ఎవరో ఒకరు కూర్చుని ఊరెళ్ళిపోతారు.

ఇక ఆ రాత్రి భోజనాల సంగతి. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది, మా అత్తగారు పెట్టింది. కంచాల ముందు కూర్చున్నాక ఒక్కొక్కళ్ళూ ఒక్క వాక్యం ప్రార్థన చెయ్యాలి. మిగతావాళ్ళు ఆమెన్ అనాలి. ఆమెన్ అనడమంటే తల ఊపడం కాదు, సంతకం పెట్టడం అనేది ఆవిడ. ఈ కోరికలో నాకూ వాటా ఉంది, దీని బరువు నేనూ మోస్తాను అని ఒప్పుకోవడం. ఒక్కరు ఒప్పుకోకపోయినా ఎవరూ కంచం ముట్టకూడదు. ఒకసారి ఆవిడ, మా మామగారికి పడని తమ్ముడి కోసం ప్రార్థన చేసిందట. ఆయన బిగుసుకుని కూర్చున్నాడు. గంట సేపు ఇంటిల్లిపాదీ ఆకలితో ఆయన నోటి వంక చూస్తూ కూర్చున్నారు. చివరికి ఆయన ఆమెన్ అన్నాడు, మర్నాడు తమ్ముడింటికి వెళ్ళక తప్పింది కాదు. అలాంటి ఇంటి కోడల్ని నేను.

నాలుగేళ్ళుగా టికెట్టు వాక్యం ఒక్కటే. "ప్రభువా, మా అమ్మని బాగుచెయ్యి." మొదటి ఏడు నేను గట్టిగా ఆమెన్ అన్నాను. రెండో ఏడు కూడా మనసారా అన్నాను. మూడో ఏటి నుంచి నా నోట్లో ఆ మాట బరువెక్కడం మొదలైంది. అడుగుతున్నది దొరికిన రోజున నా ఇల్లు ఖాళీ అయిపోతుందని తెలిసి కూడా అడగాలి. అయినా అన్నాను, ఒక్క పూట మానలేదు. ఉత్తరం వచ్చాకే మానేశాను. పదకొండు రోజులు పెదాలు కదిపి మాట మింగేశాను. ఒకరోజు దగ్గాను. ఒకరోజు నీళ్ళకని లేచాను.

"పెద్దమ్మా, నువ్వు ఆమెన్ అనలేదు" అంది టికెట్టు.

"అన్నానే."

"పెదాలే కదిలాయి. మాట రాలేదు. నిన్నా రాలేదు. మొన్న నీళ్ళకి లేచావు."

మా ఆయన నవ్వాడు. "దీన్ని చెకింగ్ ఇన్‌స్పెక్టర్ని చెయ్యాలి. డిపోలో ఒక్కడు మిగలడు."

మేమిద్దరం నవ్వలేదు. ఆయన కూడా నా మొహం చూసి నవ్వాపేశాడు. అబద్ధం ఆడదామనే అనుకున్నాను, నిజం చెప్తున్నాను. కానీ ఆ పిల్ల కంచం ముట్టకుండా, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, నామీద ఏమాత్రం అనుమానం లేకుండా చూస్తోంది. పెద్దమ్మకి గొంతు బాగాలేదేమో అనుకుంటోంది, అంతే.

"ఇంక ఆ ప్రార్థన అక్కర్లేదమ్మా. మీ అమ్మకి నయమైపోయింది" అన్నాను.

మా ఆయన చేతిలో గ్లాసు కింద పెట్టాడు. "ఎప్పుడు?" అంది టికెట్టు.

"ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది."

"అయితే పదకొండు రోజులూ నేను ఉత్తినే అడిగానా?" అంది, కాస్త చిన్నబుచ్చుకుని. "ఇచ్చేసిందాన్నే మళ్ళీ మళ్ళీ అడుగుతోంది ఈ పిల్ల అనుకుని ఉంటాడు దేవుడు."

"ఉత్తరం ఏదీ?" అన్నాడు మా ఆయన.

"బస్సులో."

"బస్సులో ఎక్కడ?"

"సీటులో. లోపల."

ఆయనకి నా గురించి పంతొమ్మిదేళ్ళుగా తెలుసు కాబట్టి ఇంకో ప్రశ్న వెయ్యలేదు. నేను తల దించుకున్నాను. ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఎందుకు దాచావని అడుగుతుందనుకున్నాను. అది లేచి వచ్చి, నా పక్కన కూర్చుని, "ఇవాళ నా వాక్యం మార్చి చెప్తాను, మళ్ళీ కళ్ళు మూసుకోండి" అంది. మూసుకున్నాం. "ప్రభువా, మా అమ్మని బాగుచేసినందుకు థాంక్స్. మా పెద్దమ్మకి భయం తగ్గించు."

వాక్యాలు రెండయ్యాయని మా అత్తగారుంటే పట్టుకునేది. మేం పట్టుకోలేదు. నేను ఆమెన్ అన్నాను, వీధిలోకి వినబడేంత గట్టిగా.

గర్వం పాపమని పాస్టరు గారు నెలకోసారైనా చెప్తారు. నేను ముందు వరసలో కూర్చుని వింటాను. విన్నా లాభం లేదు, నాకు గర్వమే. ఆ పిల్లని నేను పెంచాను. నన్ను అమ్మా అని పిలవబోయిన ప్రతిసారీ, "ఆ మాట మీ అమ్మది, దాచిపెట్టు, వచ్చాక ఇద్దువుగాని" అని నేర్పించాను. అలా నేర్పిన రోజుల్లో తలుపేసుకుని ఏడ్చాను కూడా. దొంగతనం చేసినవాళ్ళ భయం తగ్గాలని ప్రార్థన చేసే పిల్ల ఊరికే తయారవుతుందా? ఎవరైనా పెంచి చూపించమనండి.

మర్నాడు శనివారం. పొద్దున్నే ముగ్గురం డిపోకి వెళ్ళాం. అమ్మ దగ్గరికే వెళ్తున్నామనుకుని టికెట్టు తన బడి సంచీ తనే సర్దుకుంది. అందులో ఒక గౌను, పెన్సిల్ డబ్బా, లెక్కల్లో మంచి మార్కులొచ్చిన పరీక్ష కాగితాలు మాత్రమే. చెడ్డ మార్కులొచ్చినవి అలమారలోనే వదిలేసింది. దాన్ని క్యాంటీనులో కూర్చోబెట్టి మేం వెనక యార్డులోకి వెళ్ళాం. నా అదృష్టం, ఆ బస్సు కడగడానికి వచ్చి అక్కడే ఉంది. డ్రైవరు వెనక రెండో వరస, కిటికీ పక్క సీటు.

ఫోర్‌మన్ చేతిలో కాగితాల అట్టతో బస్సెక్కి, నేను బ్లేడు తీసేసరికి నిలబడిపోయాడు. మా ఫోర్‌మన్‌ది కరుకు నోరు, పని మాత్రం బాగా తెలిసినవాడు.

"నీ కుట్టు నువ్వే విప్పుతున్నావా?"

"తప్పు కుట్టాను."

"నువ్వా?" అన్నాడు. అందులో వెటకారం లేదు. పంతొమ్మిదేళ్ళలో నేను కుట్టిన సీటు ఒక్కటి తిరిగి షెడ్డుకి రాలేదు. స్పాంజి నలిగిపోయినా, కింద చెక్క పుచ్చిపోయినా నా కుట్టు చెక్కుచెదరలేదు. కొత్తగా చేరినవాళ్ళకి ఆయనే నా సీట్లు చూపించి నేర్పిస్తాడు. అందుకని ఆ కుట్టు మీద బ్లేడు పెడుతుంటే ఆయన చూడలేక దిగి వెళ్ళిపోయాడు.

దారం గట్టిది, మైనం పట్టించింది. ఒక్కో పోగూ తెంపుతుంటే నా పనితనం మీద నాకే కోపం వచ్చింది. కాస్త వదులుగా కుట్టి ఉంటే ఈపాటికి వచ్చేసేది. రెక్సిన్ లేపి, స్పాంజి కింద చెయ్యి పెట్టి ఉత్తరం బయటికి తీశాను. పదకొండు రోజులు ఎవరెవరి బరువో మోసి పల్చగా అణిగిపోయింది. మొదటి కాగితం పక్కన పెట్టి రెండోది విప్పాను. మా ఆయన నా భుజం మీదుగా వంగి చదివాడు.

"అక్కా, ఈ కాగితం రాయడానికి మూడు రోజులు మోకాళ్ళ మీద ఉన్నాను. నేను కన్నాను గానీ దానికి జ్వరమొస్తే లేచి కూర్చున్నది నువ్వు. మూడేళ్ళప్పుడు వదిలేసిన పిల్లకి నా మొహం గుర్తుండదు. ఒక పక్క ఊపిరితిత్తి తీసేశారు, పది మెట్లెక్కితే ఆగాలి. అది నాలుగేళ్ళు నాకోసం ప్రార్థన చేసిందని రాశావు. నేనొచ్చి దాన్ని నీ ఒళ్ళోంచి లాక్కుంటే ఆ ప్రార్థనకి బహుమానం ఇచ్చినట్టా, శిక్ష వేసినట్టా? ఆసుపత్రి వాళ్ళు దూరపు ఊళ్ళో నర్సుల హాస్టల్లో నాకు పని చూశారు. పదిహేనో తారీకు మధ్యాహ్నం రెండు గంటల బస్సుకి బయల్దేరతాను. పిల్ల నా దగ్గర ఉండడమే దానికి మంచిదని నీకు అనిపిస్తే ఈలోపు ఒక్క ముక్క రాయి. రాయకపోతే అది నీ బిడ్డే. నిన్ను తప్పు పట్టను, మళ్ళీ మీ గేటు ముందుకి రాను. ప్రార్థన మాత్రం మానను. దానికి దూరం అడ్డం రాదు కదా."

ఇన్ని రోజులూ నేను భయపడింది దేనికి? రెండో కాగితంలో ఫలానా రోజున వచ్చి పిల్లని తీసుకెళ్తానని ఉంటుందని. గేటు చప్పుడైతే చాలు, పై ప్రాణాలు పైనే పోయేవి. ఆ అమ్మాయేమో పిల్లని నాకు రాసిచ్చేసి, నేను నోరు మూసుకుంటే చాలని చెప్పి, వెళ్ళిపోతోంది.

"ఇవాళ ఎంత తారీకు?" అన్నాడు మా ఆయన, తెలిసి కూడా.

"పదిహేను."

ఆయన పక్క సీటులో కూర్చున్నాడు. చాలాసేపు కిటికీలోంచి నీళ్ళ గొట్టం వంక చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"రెండయ్యేదాకా మనం ఏమీ చెయ్యకుండా కూర్చుంటే చాలు."

నేను కాగితం మడత పెట్టాను.

"తప్పుగా అనుకోకు. తనే రాసింది. మనం అడగలేదు, లాక్కోలేదు. మొన్నటిదాకా నువ్వు దాచావు, అది తప్పే. కానీ ఇప్పుడు చూస్తే ఆ దాచడం కూడా దేవుడి పనేనేమో. మనమూ పదేళ్ళు ఒక బిడ్డ కోసం ప్రార్థన చేశాం కదే. ఇదే జవాబని ఎందుకు అనుకోకూడదు?"

ఆయన్ని కసురుకుందామనుకున్నాను. కసరలేకపోయాను. ఎందుకంటే కాగితంలో చివరి వాక్యం చదువుతున్నప్పుడే నాకూ అదే ఆలోచన వచ్చింది. ఆయన పైకన్నాడు, నేను లోపల అనుకున్నాను, అంతే తేడా. సిలువ ఎక్కే ముందు రాత్రి మన ప్రభువు తోటలో మోకరించి ఈ బాధ తప్పించమని అడిగాడు, తప్పలేదు, అయినా లేచి నడిచాడు. ఆదివారం గుళ్ళో కూర్చుని వింటే ఆ మాట ఎంతో బాగుంటుంది. శనివారం పొద్దున, తడి బస్సులో, చేతిలో బ్లేడు పట్టుకుని తలుచుకుంటే ఏమంత హాయిగా ఉండదు.

"ఏవండీ," అన్నాను, "ఆ రోజు ఆ అమ్మాయి పిల్లని మన గేటు దగ్గర దింపి నాలుగడుగులు వెనక్కి జరిగింది, మీకు గుర్తుందా?"

"గుర్తుంది."

"దానికి జబ్బు అంటకూడదని జరిగింది. ఇప్పుడు జబ్బు పోయింది. ఇప్పుడు కూడా తనే వెనక్కి జరుగుతోంది. ఎంతసేపూ వెనక్కి జరగడం ఆ ఒక్కదాని పనేనా? మనకి కాళ్ళు లేవా?"

ఆయన తల వంచుకున్నాడు.

"నాలుగేళ్ళు పూటపూటా సంతకం పెట్టాం" అన్నాను. "బాగుచెయ్యి అంటే దాని అర్థమేంటి? బాగుచేసి ఎక్కడో హాస్టల్లో పారెయ్యమనా? పిల్ల అడిగింది అది కాదు. మనం ఒప్పుకున్నదీ అది కాదు. రెండింటిదాకా నేను ఊరికే కూర్చున్నాననుకోండి, ఇవాళ రాత్రి కంచం ముందు ఆ పిల్ల కళ్ళు మూసుకుంటే నేను ఎటు చూడాలి?"

ఆయన, "వచ్చే నెల దానికి సైకిలు నేర్పిద్దామనుకున్నాను" అన్నాడు. ఆ మాట అని మొహం అటు తిప్పుకున్నాడు. ముప్పై ఏళ్ళు బస్సు తోలిన మనిషి, మలుపుల్లోనూ ముసురులోనూ చెయ్యి వణకని మనిషి, ఖాకీ చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"నేర్పిద్దురుగాని. వాళ్ళమ్మ సైకిలు పట్టుకుని పక్కన పరిగెత్తలేదు, ఊపిరి చాలదు. మీరే పరిగెత్తాలి."

"నాకు మాత్రం చాలుతుందా?" అన్నాడు. లేచి, టోపీ పెట్టుకుని, ఫోర్‌మన్ గదికి నడిచాడు, వెనకే నేనూ వెళ్ళాను.

ఆ తర్వాతది మా డిపోలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజు కొండ రూటు మేమంతా నిదానం అని పిలిచే డ్రైవరుది. చీమ అడ్డమొచ్చినా బ్రేకు వేసే మనిషి. ఆయన తోలితే రెండింటికి కాదు, నాలుగింటికి చేరేది. డ్యూటీ మార్చుకోవాలంటే ముందు రోజే సంతకాలు కావాలి, అది మా దగ్గర రూలు. మా ఆయన ఫోర్‌మన్ ముందు నిలబడి, ఏమీ దాచకుండా, ఉత్తరం సీటులో కుట్టిన సంగతితో సహా చెప్పేశాడు. ఫోర్‌మన్ ఆసుపత్రికి ఫోన్ చేసి చూశాడు. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. అప్పుడు నిన్నటి తారీకు వేసి కాగితం మీద సంతకం పెట్టాడు. పంతొమ్మిదేళ్ళలో ఆయన తప్పు తారీకు వెయ్యడం నేను చూడలేదు. సంతకం పెట్టి, నా వైపు తిరిగి, "ఆ సీటు సోమవారానికి నాకు కుట్టి ఉండాలి" అని గసిరాడు.

పదిన్నరకి బయల్దేరాం. టికెట్టు నా పక్కన కిటికీ దగ్గర కూర్చుని మూడున్నర గంటలూ ప్రశ్నలు వేస్తూనే ఉంది. అమ్మకి లెక్కలొచ్చా? డ్యూటీ బ్యాగు మెళ్ళో వేసుకుని రోజుకి వెయ్యి మందికి చిల్లరిచ్చిన మనిషి, నీకూ నాకూ కలిపి నేర్పగలదు. అమ్మ గురక పెడుతుందా? తెలీదు, నువ్వే చెప్పాలి. అమ్మ మన ఇంట్లో ఉంటుందా, నేను అమ్మ ఇంట్లో ఉంటానా? ఈ ప్రశ్న వేసి నా మొహం చూసింది. "అది మీ అమ్మ చెప్తుంది. ఏం చెప్పినా మేం ఎక్కడికీ పోం" అన్నాను. ఇంకా ఒక్కటి అడిగింది, చివర్లో, చిన్నగా. "నన్ను చూడగానే గుర్తుపడుతుందా?" దానికి మాత్రం వెంటనే జవాబు చెప్పాను. నీ మొహం తనదే, అద్దం చూసుకున్నంత తేలిగ్గా గుర్తుపడుతుందని చెప్పాను.

మలుపుల మీద మలుపులు. మా ఆయన ఎప్పుడూ తోలనట్టు తోలాడు, అలాగని ఒక్క ప్రయాణికుడి తల కూడా ముందు కడ్డీకి తగల్లేదు. చివరి స్టాపు ఆసుపత్రి ఆవరణే. అందరూ దిగేసరికి గోడ గడియారంలో రెండుకి అయిదు నిమిషాలుంది. ఆవరణలో రెండు గంటల బస్సు అప్పటికే ఇంజను వేసుకుని, గేటు వైపు తిరిగి నిలబడి ఉంది. గేటు ఒక్కటే, రెండు బస్సులు పక్కపక్కన పట్టనంత ఇరుకు.

నేను టికెట్టు చెయ్యి పట్టుకుని ఆ బస్సు వైపు నడిచాను. ముగ్గురో నలుగురో ఎక్కుతున్నారు. ఆఖర్న ఒకావిడ, చేతిలో చిన్న రేకు పెట్టె. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. ఒక భుజం కాస్త కిందకి వాలి ఉంది. ఒళ్ళు సగమైపోయింది. ఎక్కడైనా వీధిలో ఎదురైతే నేను గుర్తుపట్టేదాన్ని కాదు. కానీ ఆవిడ మెట్టు ఎక్కిన తీరు చూశాను. మామూలు జనం బస్సెక్కేటప్పుడు కడ్డీ పట్టుకుంటారు. కండక్టర్లు పట్టుకోరు, ఎన్నేళ్ళు గడిచినా పట్టుకోరు. ఆవిడ పట్టుకోలేదు. పైమెట్టు మీద ఆగి, ఊపిరి కోసం ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగింది. మమ్మల్ని చూసింది.

ముందు నన్ను చూసింది. తర్వాత కిందకి, నా చేతిలో ఉన్న చెయ్యి వైపు. ఆ చేతి మీదుగా పిల్ల మొహం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. తల నుంచి చెప్పుల దాకా చూసింది, చెప్పుల నుంచి మళ్ళీ తల దాకా చూసింది. నాలుగేళ్ళ ఆకలి అంతా ఆ ఒక్క చూపులోనే తీర్చుకున్నట్టుంది. తర్వాత మొహం తిప్పేసుకుంది.

"పెద్దమ్మా, ఎవరావిడ? నన్నే చూస్తోంది" అంది టికెట్టు.

చెప్పడం ఎంత కష్టమనుకున్నానో అంత కష్టం కాలేదు. "మీ అమ్మ" అన్నాను. గట్టిగానే అన్నాను, ఆవిడకి కూడా వినబడాలని.

మెట్టు మీద మనిషి ఇటు తిరక్కుండానే మాట్లాడింది. గొంతు అరిగిపోయి ఉంది గానీ మాట గట్టిగానే ఉంది.

"మీరు ఎవరో అనుకుని పొరబడ్డారండీ. నాకు పిల్లల్లేరు."

అండీ అట. పదేళ్ళు నన్ను అక్కా అని పిలిచి, నా డబ్బాలోంచి చెప్పకుండా అన్నం తిన్న మనిషి. నాకు ఒళ్ళు మండిపోయింది. బస్సెక్కి జుట్టు పట్టుకుని కిందకి లాగుదామనిపించింది, జుట్టు లేదు గానీ. ఆ మంట ఉండగానే ఇంకోటి కూడా పొంగింది. నేను పిల్లని ఇవ్వడానికి కొండెక్కి వచ్చానని గొప్పగా ఊహించుకుంటున్నాను. ఆవిడ నన్ను దాటిపోయింది. పిల్ల నా దగ్గర హాయిగా ఉండాలని, తన కడుపు తనే కొట్టుకుని, ఆ పిల్ల ఎదుటే ఆ మాట అనగలిగింది. ఆ అబద్ధానికి దేవుడు ఏం లెక్క కడతాడో నాకు తెలీదు. నాకైతే ఆవిడ నా చెల్లెలని నలుగురికీ చెప్పుకోవాలనిపించింది.

ఆ బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. నేను గేటు వైపు చూశాను. మా ఆయన మా బస్సుని వెనక్కి తోలి, గేటుకి అడ్డంగా, ఒక సైకిలు కూడా దూరనంత చక్కగా నిలబెట్టాడు. ఇంజను ఆపి, కిందకి దిగి, తాళం చొక్కా జేబులో వేసుకుని చేతులు కట్టుకున్నాడు.

"బండి తియ్యండి మాస్టారూ, టైమైంది" అని అరిచాడు అవతలి డ్రైవరు.

"మొండికేసింది. కాసేపు పడుతుంది" అన్నాడు మా ఆయన, కొండంత నిబ్బరంగా.

ఆదివారం మానకుండా గుడికెళ్ళే ఇద్దరు మనుషులు ఒక్క నిమిషంలో రెండు పచ్చి అబద్ధాలాడారు. మా ఆయన్ని పెళ్ళినాటి నుంచీ చూస్తున్నాను, ఆ గేటు ముందు నిలబడ్డంత ఎత్తుగా ఎప్పుడూ కనబడలేదు. ఫోర్‌మన్ కూడా ఉండి చూస్తే బాగుండునని నాకు ఎంతగానో అనిపించింది.

టికెట్టు నా చేతిలోంచి చెయ్యి మెల్లగా లాక్కుంది. నేను పట్టి ఉంచలేదు. అది సంచీ భుజాన సర్దుకుని, బస్సు దగ్గరికి నడిచి, మెట్ల ముందు నిలబడి పైకి చూసింది. లోపల ప్రయాణికులు కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు.

"మీకు పిల్లల్లేకపోతే," అంది టికెట్టు, పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు నేను నేర్పినంత మర్యాదగా, "మరి ఎందుకేడుస్తున్నారండీ?"

ఆవిడ ఇటు తిరిగింది. రేకు పెట్టె చేతిలోంచి జారి మెట్ల మీదుగా దొర్లి పిల్ల కాళ్ళ దగ్గర పడింది. కండక్టరైన మనిషి, ఆ క్షణాన కడ్డీ గట్టిగా పట్టుకుంది. ఒక కాలు నేల మీదికి దించింది. రెండో కాలు ఇంకా బస్సులోనే ఉంది.